పాతిపెట్టి చూసిన పరికరాలు: మంచుచరియల రక్షణ సాధనాలకు జరిగిన పరీక్షల చరిత్ర

ఆల్ప్స్ పర్వతాల్లోనూ, ఉత్తర అమెరికాలోని రాకీ పర్వతాల్లోనూ శీతకాలంలో స్కీలు కట్టుకొని, కాపలా ఉండే స్కీ మైదానాలు దాటి, ఎవరూ తొక్కని వాలుల మీదికి వెళ్లేవారు మూడు వస్తువులు లేకుండా బయలుదేరకూడదన్నది నేడు స్థిరపడిన నియమం. ఒకటి, ఛాతీకి కట్టుకొనే బీకన్ అనే చిన్న రేడియో పరికరం. ఇది నడుస్తున్నంతసేపూ సంకేతాలు పంపుతూ ఉంటుంది, తోటివాడు మంచులో కూరుకుపోయినప్పుడు మీట మారిస్తే అతని పరికరం పంపే సంకేతాలను అందుకుంటుంది. రెండోది, మంచులో గుచ్చి చూడడానికి పనికొచ్చే ప్రోబ్ అనే మడత చువ్వ. మూడోది, తేలికపాటి పార. వీటి చరిత్రను కనిపెట్టినవారి చరిత్రగా చెప్పడమే వాడుక అయినా, పరీక్షించినవారి వైపునుంచి చూసినప్పుడే అది ఎక్కువ బోధపడుతుంది. ఎందుకంటే ఒక్కో సాధనం మీద జనానికున్న నమ్మకం, దాన్ని ఎవరో ఒకరు మంచులో పాతిపెట్టి గడియారం చూసుకుంటూ వెతికిన రోజుదాకానే నిలిచింది. పరీక్షలో దేన్ని కొలవాలన్న నిర్ణయం మారిన ప్రతిసారీ, మేలైన పరికరం ఏదన్న తీర్పు కూడా తారుమారైంది.

పరికరాలు పుట్టకముందు ఉన్నవి కుక్క ముక్కు, మనిషి చేతికర్ర. స్విట్జర్లాండ్, ఇటలీల నడుమ 2,469 మీటర్ల ఎత్తున ఉన్న గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమలోని క్రైస్తవ సన్యాసుల సత్రం, దారి తప్పిన బాటసారులను వెతికే కుక్కలకు పేరుపొందింది. వాటిలో 1800 నుంచి 1814 వరకు బతికిన బారీ అనే కుక్క 40 మందిని కాపాడిందని ప్రతీతి, దాని చర్మంతో చేసిన బొమ్మ బెర్న్ నగరపు ప్రకృతి చరిత్ర మ్యూజియంలో నేటికీ ఉంది. ఆ కుక్కల మెడలో బ్రాందీ పీపా వేలాడుతుండేదన్న కథ మాత్రం సత్రంలో పుట్టింది కాదు, 1820లో ఎడ్విన్ లాండ్‌సీర్ అనే ఆంగ్ల చిత్రకారుడు వేసిన బొమ్మతో లోకానికెక్కింది. కుక్క అందుబాటులో లేనిచోట మనుషులు భుజం భుజం కలిపి వరుసగా నిలబడి, అడుగడుగునా పొడవాటి కర్రలు గుచ్చుకుంటూ వాలు పొడవునా సాగేవారు. ఈ పద్ధతిలో పోట్ల మధ్య దూరం సుమారు 70 సెంటీమీటర్లు ఉంటే, కింద ఉన్న మనిషి తగిలే అవకాశం నూటికి 70 పాళ్లే. పోట్లను దగ్గర చేస్తే అవకాశం పెరుగుతుంది గానీ, పట్టే కాలం కూడా అంతకు అనేక రెట్లు పెరుగుతుంది. ఫలితంగా, ఈ వరుసలు ప్రాణాలు నిలిపినదానికంటే శవాలను వెలికితీసిందే ఎక్కువ.

ఇరవయ్యో శతాబ్దం తొలి సంవత్సరాల్లో యూజెన్ ఓర్టెల్ అనే బవేరియా పర్వతారోహకుడు సూచించిన ఎర్రతాడు, మనిషి తనను తాను గుర్తుపట్టించుకొనేందుకు వెంట తీసుకుపోయిన తొలి సాధనం. నడుముకు కట్టుకొని ఇరవై మీటర్లకు పైగా పొడవున్న తాడును వెనక ఈడ్చుకుంటూ వెళితే, చరియ విరిగి మనిషి లోపలికి పోయినా తాడులో ఏదో ఒక భాగం పైన తేలుతుందని, దాన్ని పట్టుకొని లాగుతూ తవ్వుతూ పోవచ్చని భావన. మొదటి ప్రపంచయుద్ధంలో ఆల్ప్స్ సరిహద్దు పొడవునా ఇటలీ, ఆస్ట్రియా-హంగరీ సేనలు మంచులో ఎదురెదురుగా నిలిచి, 1916 డిసెంబరు 13న మార్మొలాడా పర్వతం కింది ఒక్క శిబిరంలోనే వందలాది ఆస్ట్రియా సైనికులు చరియ కింద సమాధి అయిన తరువాత, ఇటువంటి సాధనాల అవసరం గురించి ఎవరికీ సందేహం మిగల్లేదు. కాలక్రమంలో తాడుకు చిన్న చిన్న లోహపు బిళ్లలు బిగించి, మనిషి ఏ వైపున ఉన్నదీ తెలిపే బాణం గుర్తులు కూడా చెక్కారు. తాడు పైకి కనిపించాక ఏం చేయాలన్నది ఎంతో శ్రద్ధగా ఆలోచించిన ఆ తయారీదార్లు, అసలు అది ఎన్నిసార్లు పైకి కనిపిస్తుందన్న ప్రశ్న వేసుకోకపోవడం విచిత్రమే. బొమ్మ మనుషులకు తాడు కట్టి, పేలుడుతో తెప్పించిన చరియల్లోకి తోసి చూసిన పరీక్షల్లో, తాడు చిక్కుపడి బొమ్మతోపాటే అడుగుకు పోవడం తరచుగా జరిగింది. అప్పటికి ఆ తాడు ప్రచారంలోకి వచ్చి అర్ధశతాబ్దం దాటింది.

ఇటువంటి ప్రశ్నలను పద్ధతిగా అడిగేందుకు ఒక చోటు ఏర్పడడం ఆ మధ్యకాలపు ముఖ్య పరిణామం. స్విట్జర్లాండ్‌లోని దావోస్ పట్టణానికి ఎగువన, 2,600 మీటర్లు దాటిన ఎత్తులో ఉన్న వైస్‌ఫ్లూయోఖ్ కనుమ మీద 1936లో చిన్న మంచు ప్రయోగశాలగా మొదలైన పని, 1940ల తొలినాళ్లలో మంచు, మంచుచరియల పరిశోధన సంస్థగా రూపుదిద్దుకొంది. 1950-51 శీతకాలంలో స్విట్జర్లాండ్‌లోనే 98 మంది చరియల పాలుకావడంతో, ఊళ్లను కాపాడే అడ్డుగోడలు, హెచ్చరికలతోపాటు వెతికే పద్ధతుల మీద కూడా దృష్టి పడింది. చరియలో కుమారుణ్ణి పోగొట్టుకొన్న కుటుంబం అతని పేరిట నెలకొల్పిన వాని ఐగెన్‌మన్ ఫౌండేషన్ 1963లో దావోస్‌లోనూ, 1975లో ఇటలీలోని సోల్డాలోనూ జరిపిన సదస్సులు వైద్యులను, రక్షకులను, ఇంజనీర్లను ఒకచోట చేర్చాయి. బూట్లలో అయస్కాంతం ముక్కలు అమర్చి, పైనుంచి అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే యంత్రంతో వెతకడం వంటి ఆలోచనలు ఆ కాలంలోనే ముందుకొచ్చి, అయస్కాంతపు ప్రభావం ఒకటి రెండు మీటర్లు దాటగానే క్షీణించిపోవడంతో వెనక్కిపోయాయి.

ఆచరణలో నిలిచిన తొలి బీకన్ అమెరికానుంచి వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రం బఫెలో నగరంలోని కార్నెల్ ఏరోనాటికల్ లాబొరేటరీలో పనిచేసిన జాన్ లాటన్ 1968లో రూపొందించి, 1971లో అమ్మకానికి తెచ్చిన ఈ పరికరానికి, స్కాండినేవియా పురాణాల్లో స్కీల మీద తిరిగే దేవత స్కాడీ పేరు పెట్టారు. అది 2.275 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం మీద, అంటే సెకనుకు 2,275 సార్లు కంపించే అయస్కాంత క్షేత్రం ద్వారా, పనిచేసేది. ఆ సంఖ్య మనిషి చెవికి వినబడే ధ్వనుల పరిధిలోనిదే కావడంతో, అందిన సంకేతాన్ని మరో పౌనఃపున్యంలోకి మార్చే హంగులేవీ లేకుండా, కేవలం పెద్దది చేసి చెవిలోని ఇయర్‌ఫోన్‌కు పంపితే సరిపోయేది. అదే కాలంలో స్విస్ సైన్యం కోసం ఆటోఫోన్ కంపెనీ తయారుచేసిన పరికరం, సెయింట్ బెర్నార్డ్ కుక్క జ్ఞాపకంగా బారీవాక్స్ అనిపించుకొని, 457 కిలోహెర్ట్జ్‌ను ఎంచుకొంది. ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో తయారైన పీప్స్ మాత్రం అమెరికా బాటే పట్టింది. దీనితో ఆల్ప్స్‌లో ఒకే వాలు మీద తిరుగుతున్న స్విస్ బృందానికి ఆస్ట్రియా బృందం సంకేతాలు అందని పరిస్థితి దాపురించింది. తీరా చరియ విరిగాక పక్కనే ఉన్నవారు పరుగున వచ్చినా, వారి చేతిలోని పెట్టె మూగదై ఉండేది.

ఈ చిక్కును తేల్చడానికి జరిగిన పోలికల్లో ప్రధాన కొలమానం దూరం. చిన్న యాంటెన్నాతోనే ఎక్కువ దూరంనుంచి సంకేతం అందడం 457 వైపు మొగ్గును తెచ్చింది. నడుమ కొంతకాలం రెండు పౌనఃపున్యాలనూ ఒకే డబ్బాలో ఇమిడ్చిన పరికరాలు వచ్చి, ఖర్చు పెంచాయే తప్ప సమస్యకు శాశ్వత పరిష్కారం కాలేకపోయాయి. పర్వత రక్షణ సంస్థల అంతర్జాతీయ సంఘమైన ఐకార్ 1980ల మధ్యకాలంలో 457కే మొగ్గు చూపగా, అమెరికాలో పాత పరికరాలు జనం చేతుల్లో ఉండిపోయినందున అక్కడ అదే ప్రమాణం కుదురుకోవడానికి 1996 దాకా పట్టింది.

అయితే దూరం అనే కొలత చూడడానికి ఎంత సూటిగా ఉంటుందో, లోపల అంత మాయగా ఉంటుంది. యాంటెన్నా నుంచి వెలువడే అయస్కాంత రేఖలు అన్ని దిక్కులా సమంగా వ్యాపించవు. పంపే యాంటెన్నా, అందుకొనే యాంటెన్నా ఒకే గీత మీద ఉన్నప్పుడు సంకేతం ఎంతో దూరం పోతుంది, ఒకదానికొకటి అడ్డంగా ఉన్నప్పుడు ఆ దూరం బాగా కుంచించుకుపోతుంది. ప్రకటన కాగితాల్లో అచ్చయ్యే సంఖ్య సహజంగానే మొదటి రకానిది. మంచులో పొర్లి, తలకిందులై ఆగిన మనిషి ఛాతీమీది యాంటెన్నా ఏ వైపుకు తిరిగి ఉంటుందో ఎవరి చేతిలోనూ లేదు. స్విస్ ఇంజనీరు ఫెలిక్స్ మెయర్ ప్రతిపాదించిన లెక్క ఈ విషయంలో నిజాయితీగలది: అత్యంత ప్రతికూలమైన అమరికను తీసుకొని, నూటికి 98 సార్లు సంకేతం తప్పక అందే దూరమెంతో కనుక్కొని, వెతికేవాళ్లు వాలు మీద ఒకరికొకరు ఎంత ఎడంగా నడవాలన్నది దానినుంచే నిర్ణయించాలన్నాడు. గొప్పగా చెప్పుకొనే దూరం ఆ లెక్కలో చాలా చోట్ల సగానికి సగం తగ్గింది.

కొలమానాన్నే మార్చివేసిన సంఘటన వైద్యుల వైపునుంచి వచ్చింది. 1994లో మార్కుస్ ఫాల్క్, హెర్మన్ బ్రుగర్‌లు మరొకరితో కలిసి నేచర్ పత్రికలో ప్రచురించిన విశ్లేషణ, 1981 నుంచి 1991 వరకు స్విట్జర్లాండ్‌లో చరియల కింద పూడిన 422 మంది స్కీయర్ల వివరాలను క్రోడీకరించి, 15 నిమిషాలలోపు బయటపడినవారిలో 92 శాతం బతికారని, 35 నిమిషాలకు ఆ సంఖ్య 30 శాతానికి పడిపోయిందని చూపింది. ఆ నడిమి ఇరవై నిమిషాల్లో చనిపోయేవారిలో ఎక్కువమంది దెబ్బలవల్ల కాక ఊపిరి ఆడక పోతున్నారు. బయటినుంచి రక్షకదళం వచ్చేలోపే కథ ముగుస్తున్నదని, కాపాడగలిగినవారు పక్కనున్న స్నేహితులేనని దీనితో నిర్ధారణ అయింది. అప్పటినుంచి పరికరం ఎంత దూరంనుంచి వింటుందన్నది పక్కకుపోయి, బెదిరిపోయిన మామూలు మనిషి చేతిలో అది ఎన్ని నిమిషాల్లో చోటు చూపుతుందన్నది ముందుకొచ్చింది.

పాత బీకన్లతో వెతకడం నిజంగా ఒక విద్య. చెవిలో బీప్ శబ్దం వినిపించిన దిక్కుకు నడుస్తూ, శబ్దం పెరిగి తగ్గడం మొదలవగానే వెనక్కి వచ్చి, శబ్దాన్ని ఒక మెట్టు తగ్గించి, ఉన్న గీతకు అడ్డంగా తిరిగి, మళ్లీ పెరిగి తగ్గేదాకా నడిచి, మళ్లీ తగ్గించి, ఇలా శిలువ ఆకారపు గీతలను చిన్నవి చేసుకుంటూ పోవాలి. చివరి రెండు మీటర్లలో మోకాళ్ల మీద కూర్చొని పరికరాన్ని మంచుకు ఆనించి జరపాలి. ఏటా సాధన చేసే గైడుకు ఇది ఐదు నిమిషాల పని, ఏడాదికొకసారి పెట్టె తెరిచేవాడికి అంతులేని అయోమయం. 1997లో కొలరాడోలోని బ్యాక్‌కంట్రీ యాక్సెస్ కంపెనీ తెచ్చిన ట్రాకర్, ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు యాంటెన్నాలకు అందిన బలాలను చిప్‌తో పోల్చి, అయస్కాంత రేఖ ఎటు వంగుతోందో దీపాలతోనూ, దూరాన్ని అంకెతోనూ చూపింది. మరుసటి ఏడే దావోస్ సంస్థ అప్పటి బీకన్లను వరుసబెట్టి పోల్చి పరీక్షించింది. దూరంలో పాతవి, సులువులో కొత్తవి పైచేయిగా ఉన్న ఆ సంధికాలంలో, ఏది మంచిదన్న ప్రశ్నకు జవాబు పరికరాన్ని ఎవరి చేతికిచ్చి పరీక్షిస్తున్నారన్నదాని మీద ఆధారపడింది: అనుభవజ్ఞులు పాతదాన్ని వదలలేకపోయారు, కొత్తవారికి పాతదాంతో మనిషి దొరకలేదు. పరీక్షల్లో అనుభవం లేనివారిని కూడా కూర్చోబెట్టాలన్న పట్టుదల అక్కడినుంచి బలపడిందనే చెప్పాలి.

రెండు యాంటెన్నాల బీకన్లలోని ఒక దోషం ఇటువంటి పరీక్షల్లోనే బయటపడింది. లోతుగా, నిటారుగా నిలిచిన యాంటెన్నాతో బీకన్‌ను పాతిపెట్టినప్పుడు, మంచు పైన రెండు వేర్వేరు చోట్ల సంకేతం గరిష్ఠంగా కనిపించి, మనిషి ఉన్న అసలు చోటు ఆ రెంటికీ నడుమ బలహీనంగా మిగిలిపోయేది. వెతికేవాడు ఆ రెండు చోట్లా చువ్వ గుచ్చి, ఏమీ తగలక, పరికరాన్ని తిట్టుకునేవాడు. 2000ల తొలి సంవత్సరాల్లో చేరిన మూడో యాంటెన్నా ఈ దొంగ శిఖరాలను తొలగించింది. ఒకరికంటే ఎక్కువమంది పూడినప్పుడు సంకేతాలు ఒకదాని మీద ఒకటి పడి చిప్‌ను తికమకపెట్టడం, పౌనఃపున్యం కాస్త జారిన పాత పరికరాన్ని కొత్తది ఆలస్యంగా గుర్తించడం వంటివి మాత్రం తేలికగా తెగలేదు.

బీకన్ల వెలుగులో ప్రోబ్, పార చాలాకాలం నిర్లక్ష్యానికి గురయ్యాయి. బరువు తగ్గించే పోటీలో సన్నబడిన చువ్వలు గట్టిపడిన చరియ మంచులో వంగి, గుచ్చినచోటికి కాక పక్కకు జారిపోతాయి; ముక్కలను బిగించే లోపలి తాడు సాగితే కీళ్ల దగ్గర ఊగిసలాట మొదలవుతుంది; చేతితొడుగులతో బిగించలేని గొళ్లెం ఉన్నట్టా లేనట్టా అన్నది చలిలో తప్ప గదిలో తెలియదు. పార సంగతి మరీ ఘోరం. సగటున మీటరు లోతున ఉండే మనిషిని బయటికి తీయాలంటే టన్నుకు పైగా మంచును పక్కకు నెట్టవలసి వస్తుంది, ఆ మంచు కదిలి ఆగిన కొద్ది నిమిషాల్లోనే సిమెంటులా బిగుసుకుంటుంది, ప్లాస్టిక్ పారలు దానిమీద ఎగిరిపడతాయి లేదా విరుగుతాయి. వెతుకులాటకంటే తవ్వకానికే ఎక్కువ సమయం పడుతున్నదని గడియారాలు తేల్చాక, మనుషుల్ని వాలులో దిగువనుంచి ఇంగ్లీషు వి అక్షరం ఆకారంలో నిలబెట్టి, ముందున్నవాడు కోసిన మంచును వెనకవారు కాలువలా కిందికి నెట్టుకుంటూ పోయే పద్ధతిని మాన్యుయెల్ గెన్స్‌వైన్, రాగ్న్‌హిల్డ్ ఐడ్‌లు 2008లో కెనడాలోని విస్లర్‌లో జరిగిన మంచు శాస్త్ర సదస్సులో వివరించారు. పారల దృఢత్వానికి పర్వతారోహణ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ప్రమాణం నిర్దేశించడం ఆ తరువాతి మాట.

పూడిపోకుండానే చూసే సాధనమైన గాలిసంచి కథ వేరు దారిలో నడిచింది. వేటాడిన జంతువును భుజాన వేసుకొని ఉన్నప్పుడు చరియలో పైనే తేలడాన్ని గమనించిన యోసెఫ్ హోహెనెస్టర్ అనే బవేరియా అటవీ అధికారి ఆలోచనను పేటర్ అషావర్ కొనుక్కొని, 1985లో సరుకుగా మార్చాడు. శనగలూ రవ్వా కలిపిన డబ్బాను కుదిపితే శనగలు పైకి వచ్చినట్టే, కదిలే మంచులో పరిమాణం పెద్దదైన వస్తువు పైకి చేరుతుందన్నది దీని సూత్రం. దావోస్ పరిశోధకులు 1990ల మధ్యలో బొమ్మలకు ఈ సంచులు కట్టి చరియల్లోకి వదిలి చూశారు. 2014లో వెలువడిన ఒక అంతర్జాతీయ విశ్లేషణ, తీవ్రమైన చరియల్లో చిక్కినవారిలో మరణాల శాతాన్ని సంచి 22 నుంచి 11కు తగ్గిస్తుందని తేల్చుతూనే, సంచి ఉన్నవారిలో ఐదోవంతు మంది విషయంలో అది అసలు ఉబ్బలేదని, వారిలో చాలామంది పిడి లాగనే లేదని చెప్పింది. బొమ్మల పరీక్షలో ఈ సంగతి దొరికే వీలే లేదు, బొమ్మ చేత పిడిని లాగించేది మనుషులే కాబట్టి.

ఈ చరిత్ర అంతా వినోదానికి వెళ్లేవారి చుట్టూ తిరిగినట్టు కనిపించినా, భారతదేశంలో మంచుచరియల శాస్త్రం సైన్యం అవసరంతోనే పుట్టింది. 1969లో మనాలీలో మొదలైన రక్షణ పరిశోధన సంస్థ 2020లో మరో ప్రయోగశాలతో కలిసి కొత్త పేరు పొందింది. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లోని సోనమ్ స్థావరం మీద మంచుగోడ కూలి 19వ మద్రాసు బెటాలియన్‌కు చెందిన పదిమంది పూడిపోయారు. వారిలో కర్నూలు జిల్లా సిపాయి ఒకరున్నారు. కుక్కలు, నేలలోకి చూసే రాడార్లు, రాతిని తొలిచే యంత్రాలతో ఆరు రోజులు తవ్వాక లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్ ప్రాణంతో దొరికి, ఫిబ్రవరి 11న ఢిల్లీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. మంచు కింద గుడారంలో చిక్కిన గాలి అతన్ని అన్నాళ్లు నిలిపింది. ఆల్ప్స్ స్కీయర్ల లెక్కలతో తీసిన, నిమిషాలు గడిచేకొద్దీ బతికేవారి శాతం తగ్గడాన్ని చూపే రేఖ, అడుగుల మందాన గడ్డకట్టిన మంచుదిమ్మలు పడిన చోటుకు వర్తించదు.

ఇన్ని పరీక్షల వారసత్వం నేడు దారి మొదట్లో జరిగే చిన్న తనిఖీగా మిగిలింది. బృంద నాయకుడు ముందు నిలిచి తన బీకన్‌ను అందుకొనే స్థితిలో పెట్టుకొంటే, మిగిలినవారు ఎడమెడంగా ఒక్కొక్కరే దాటిపోతూ తమది పంపుతున్నదని నిరూపించుకొంటారు. తరువాత పాత్రలు తారుమారు చేసి, అందరివీ అందుకొంటున్నాయో లేదో, నాయకుడిది మళ్లీ పంపే స్థితికి వచ్చిందో లేదో చూస్తారు. రెండో సగాన్ని ఎగ్గొట్టే బృందాలూ ఉన్నాయి. ఫోను, వేడినిచ్చే చేతితొడుగులు వంటి విద్యుత్ వస్తువులు బీకన్‌కు పంపేటప్పుడు 20 సెంటీమీటర్లు, వెతికేటప్పుడు 50 సెంటీమీటర్లు ఎడంగా ఉండాలన్న నియమం కూడా ఇటీవలి పరీక్షల ఫలమే. అయినా ఈ తనిఖీకి పరిమితి ఉంది: ఉదయం సరిగా ఉన్న మీట మధ్యాహ్నం చరియలో పొర్లినప్పుడు పంపే స్థితినుంచి జారిపోతే దాన్ని ఏ తనిఖీ పట్టుకోలేదు, అటువంటి దోషం ఉన్నదన్న ఆరోపణల నడుమ 2021లో ఒక ప్రసిద్ధ శ్రేణి నమూనాలను మార్కెట్ నుంచి వెనక్కి పిలిపించవలసి వచ్చింది.

స్విస్ వివరాలనే 1981 నుంచి 2020 వరకు విస్తరించి 2024లో ప్రచురించిన మరో విశ్లేషణ, బయటపడడానికి పట్టే మధ్యగత కాలం 45 నిమిషాల స్థాయినుంచి 25కు తగ్గిందని, బతికేవారి శాతం 43 నుంచి 53 దాటిందని చూపింది. అదే విశ్లేషణలో ఊపిరికి భరోసా ఉన్న గడువు 15 నిమిషాలు కాదు, 10 నిమిషాలేనని, అక్కడ 91గా ఉన్న శాతం అరగంటకు 31కి దిగుతున్నదని తేలింది. పావుగంటను గీటురాయిగా పెట్టుకొని బీకన్లనూ, ప్రోబ్‌లనూ, పారలనూ తూచిన పాత పరీక్షలన్నీ ఇప్పుడు ఐదు నిమిషాలు తగ్గించుకొని మళ్లీ జరగవలసి ఉంది.